పచ్చ వైరు

మా మేనమామ పోయిన సంగతి అత్త ఫోన్ చేసి చెప్పింది. తిరుపతి ఆఫీసులో ఉదయం మీటింగ్ జరుగుతోంది. వరండాలోకి వచ్చి ఫోన్ ఎత్తాను.

"మీ మామ పోయినాడు అల్లుడా. షాపులోనే. స్టూలు మింద కూర్చోని, చేతిలో హారన్ పెట్టుకోని, అట్లే గోడకు ఒరిగిపోయినాడు" అంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎన్ని గంటలకు?" అని. పద్దెనిమిదేళ్లుగా మరణవార్తలు రాస్తున్నవాడి నోరు అది. అత్త ఏమీ అనుకోలేదు.

"తొమ్మిదిన్నర. రాసుకో" అంది.

రాసుకోలేదు. మా పేపర్లో జిల్లా పేజీ అడుగున ఇలాంటి వార్తలకు నాలుగు వరుసల చోటు ఉంటుంది. పేరు, వయసు, వృత్తి, అంత్యక్రియలు ఎక్కడ. చిత్తూరు బస్సులో కూర్చుని ఆ నాలుగు వరుసలు మనసులో రాసి చూశాను. వృత్తి దగ్గర ఆగిపోయాను. ఆటో ఎలక్ట్రీషియన్ అని రాస్తే అది నిజమే. ఆ నిజం వెనక ఇంకొక నిజం ఉంది. దాన్ని ఏడేళ్లుగా నేను, అంతకు ముందు ముప్పై ఏళ్లుగా అత్త దాచిపెట్టాం. సగం వార్త రాయడం ఇష్టం లేక ఆ నాలుగు వరుసలూ వదిలేశాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక అత్త ఒక పాత డైరీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇంగ రాయి అల్లుడా. ఇంగ ఎవురూ బండి వెనక్కి తీస్కపోరు" అంది.

అందుకని రాస్తున్నాను.

చిత్తూరులో వేలూరు రోడ్డు మీద మామ షాపు ఒక రేకుల షెడ్డు. వెనకాల రెండు గదుల ఇల్లు. షెడ్డు గోడల నిండా మేకులు, మేకులకు వైర్ల చుట్టలు. బోర్డు మీద ఆయన పేరు ఉండేది గాని దాన్ని ఎవరూ వాడలేదు. అందరికీ ఆయన వైరింగాయన. కాణిపాకం పక్కన పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్లు దాటాక చిత్తూరు వచ్చి ఈ పని నేర్చుకున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్ట్ ల్యాంపు ఉండేది. చిన్న బల్బు, దానికి రెండు వైరు ముక్కలు, అంతే. కరెంటు వచ్చే చోట తాకిస్తే వెలుగుతుంది, రాని చోట వెలగదు. దాని మొన గుచ్చుకుని ఆయన చొక్కాలన్నిటికీ జేబు అడుగున ఒకే చోట చిల్లు ఉండేది.

బండికి ఏ జబ్బు చేసినా ఆయన మొదటి ప్రశ్న "ఎర్త్ చూసినావా?" అనే. లైటు మసకబారినా, హారన్ బొంగురుపోయినా అదే ప్రశ్న. కరెంటు పోయే దారి అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి ఎవరూ చూడరు అనేవాడు. ఆ ప్రశ్న బండ్లతో ఆగలేదు. ఒకసారి నా వార్త ఒకటి తప్పని తేలి, మర్నాడు పేపర్లో సవరణ వేసుకోవాల్సి వచ్చింది. ఆ ఆదివారం చిత్తూరు వెళ్తే మామ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎవురో చెప్తే రాసినావు. సరే. వాళ్లకు ఎవురు చెప్పినారో అడిగినావా?"

"అడగలేదు మామా."

"ఎర్త్ చూసుకోవాల గదరా" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనలేదు. నాకు జర్నలిజంలో అంతకంటే ఎక్కువ ఎవరూ నేర్పలేదు కూడా.

ఆయన చేతిపనిలో అందరికీ తెలిసిన విశేషం దారం. పూలు కట్టే దారం. కలపబోయే ప్రతి వైరుకూ కొసకు రెండు వేళ్ల ఎడంలో దారం చుట్టి ముళ్లు వేసేవాడు. ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు కిందికి చేతులు పోనిచ్చి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, మాట్లాడుతూనే వైర్లు కలిపేవాడు. వేలి కొసలతో ముళ్లు లెక్కపెట్టుకుంటాడు, అంతే. "ఆయనకు చేతిలో కండ్లుండాయబ్బా" అని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఊరు కాణిపాకం పక్కనే కావడంతో ఆ దారాలు వినాయకుడి దగ్గర పెట్టి తెచ్చినవని కూడా ఒక మాట పుట్టింది.

"ఘాట్లో లైట్లు పోతా ఉండాయి సామీ, నా బండికి ఇంగో రెండు దారాలు కట్టు" అని ఒక డ్రైవరు అడగడం నేనే విన్నాను. మామ నవ్వకుండా కట్టాడు. తర్వాత బల్బు హోల్డరు మార్చాడు.

ఇంకొక అలవాటు. మార్కెట్లో టమాటాలు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి ఏరేవాడు. "బండి హారనా అది, ఊరికే నొక్కతా ఉండావు" అని అమ్మే ఆవిడ కసిరేది. ఆయన నొక్కుతూనే ఉండేవాడు. నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడి, మా మామ చాదస్తం అనుకునేవాణ్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక అంబాసిడర్ కారును తాడు కట్టి లాక్కొచ్చి ఆ షెడ్డు ముందు నిలబెట్టారు. దాని యజమాని, డ్రైవరు ఒకరే. తిరుపతిలో బాడుగకు తిప్పుతాడు. యాత్రికుల్ని కాణిపాకం, శ్రీకాళహస్తి తీసుకువెళ్లడం, పెళ్లి పార్టీలను ఎక్కించుకోవడం ఆయన పని. పదిహేనేళ్లు దాటిన కారు. ఘాట్ ఎక్కాలంటే మధ్యలో రెండు సార్లు ఆపి నీళ్లు పోయాలి. ఎక్కడో కొత్త మోడల్ కారు ఒకటి బోల్తాపడి, బాడీ నుజ్జయి, ఇంజన్ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలిందని తెలిసి ఆ ఇంజన్ కొన్నాడు. పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్మే ఇంజన్. మెకానిక్ దాన్ని పాత కారులో కూర్చోబెట్టాడు. ఆర్టీవో కాగితాల పని డ్రైవరు చూసుకున్నాడు. మిగిలింది వైరింగ్.

"తిరప్తిలో ముగ్గుర్ని అడిగినా వైరింగాయనా. ముగ్గురూ మేం తాకం అన్నారు. నువ్వే బతికియ్యాల" అన్నాడు డ్రైవరు.

మామ ఇంజన్ మీద కుప్పగా పడి ఉన్న వైర్ల కట్టను చేత్తో ఎత్తి చూశాడు. మణికట్టు లావు ఉంది.

"ఒగ ఇంజన్‌కి ఇన్ని వైర్లు యాంటికప్పా?"

"కంప్యూటర్ ఉండాది గదా దాంట్లో."

"అది లెక్కలేసుకుంటా కూర్చుంటే బండి ఎవురు లాగతారు?"

డ్రైవరు నవ్వలేదు. "పెండ్లిండ్ల నెల వస్తా ఉండాది. ఎనిమిది బాడుగలకు మాటిచ్చి ఉండా. చెప్పు, నీ వల్ల అయితాదా కాదా?"

మామ లోపలికి వెళ్లాడు. అత్తతో ఏదో మాట్లాడాడు. ఇదంతా తర్వాత డ్రైవరు నాకు చెప్పిన సంగతి. కాసేపటికి తిరిగి వచ్చి, "వదిలి పో" అన్నాడట.

ఇక్కడ ఒక చిన్న వివరం చెప్పాలి. పాత అంబాసిడర్లో ముఖ్యమైన వైర్లు కొన్నే. లైట్లు, హారన్, వైపర్, ఇంజన్‌కు కొన్ని. అన్నీ లావుగా ఉంటాయి, ఏది ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చోటును బట్టే మామకు తెలుసు. కొత్త ఇంజన్ కట్టలో అరవైకి పైగా వైర్లు. అన్నీ సన్నవి. వాటికి గుర్తు రంగు ఒక్కటే. కొన్నిటికి రంగు మీద ఇంకో రంగు చార.

శుక్రవారం మామ నాకు ఫోన్ చేశాడు. "ఆదివారం రాగలవా? ఇంగ్లీషు కాగితాలుండాయి" అన్నాడు. డ్రైవరు మద్రాసు నుంచి ఆ ఇంజన్ వైరింగ్ జిరాక్సులు తెప్పించాడు. ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో వాటిలో ఉంది. చదివి పెట్టాలి.

నేను వెళ్లేసరికి సగం పని శనివారమే అయిపోయింది. ఇంట్లో చాప పరిచి, కట్ట విప్పి, అత్త ఒక్కొక్క వైరు చేతిలోకి తీసుకుని రంగు చెప్పింది. మామ దాని ప్రకారం ముళ్లు వేశాడు. అత్త ఆ లెక్క డైరీలో రాసింది. ఇప్పుడు నా ముందున్నది ఆ డైరీయే. నెత్తురు, ఒకటి. ఆకు, రెండు. పచ్చ, మూడు. కనకాంబరం, నాలుగు. ఆపైన వంకాయ, మట్టి, ఆకాశం, కాకి. చార ఉన్నవాటికి దారం రెండు చోట్ల. "ఆకు మింద ముగ్గుపిండి చార" అని ఒక చోట ఉంది. "కనకాంబరం మింద కాకి చార" అని ఒక చోట. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఈ మాటలు ఉండవు. ఆ రోజు నేను ఈ డైరీ తెరిచి చూడలేదు. చూసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

మామ కారు ముందు సీటు తీసేయించి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాళ్లు తలుపు బయట, చేతులు డ్యాష్‌బోర్డు కింద. నేను వెనక సీట్లో కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. మొదటి పేజీలోనే ఒక హెచ్చరిక. కంప్యూటర్ వైర్లను టెస్ట్ ల్యాంపుతో తాకకూడదు, మీటరుతోనే కొలవాలి. చదివి చెప్పాను. మామ జేబులోంచి ఆ బల్బు తీసి కాసేపు చూసి నా చేతికి ఇచ్చాడు.

"సొరుగులో పెట్టు. ముప్పై ఏండ్లు దీంతోనే సూసినా."

బదులుగా అంకెలు చూపించే మీటరు ఒకటి కొత్తగా కొని తెచ్చుకున్నాడు. దాన్ని ఛాతీ మీద పెట్టుకుని, "ఇదీ మంచిదే. అంకెకు రంగు లేదు అల్లుడా" అన్నాడు. ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను.

మధ్యాహ్నం దాకా పని సాఫీగా సాగింది. ఆయన అడగడం, నేను కాగితం చూసి చెప్పడం. కాగితంలో రంగులకు ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఆర్ అంటే ఎరుపు, బి అంటే నలుపు.

"తాళం తిప్పితే కరెంటు రావాల్సింది ఏది?"

కాగితంలో జి అని ఉంది. గ్రీన్.

"పచ్చ" అన్నాను.

"పచ్చ..." అని ఆయన వేళ్లు వెతికాయి. "మూడు ముళ్లు. దొరికింది."

నేను అప్పటికే కింది వరుస చదువుతున్నాను. ఆయన చేతుల వైపు చూడలేదు.

అన్నీ అయ్యాక ముందు సీటు మళ్లీ పెట్టించి డ్రైవర్ని పిలిచాడు. ఎవరి బండి తాళం వాళ్లే తిప్పాలని మామ పట్టుదల. డ్రైవరు చేతులు కడుక్కుని వచ్చి తాళం తిప్పాడు. చిన్న చప్పుడు. గ్లాసు కింద పడినంత కూడా కాదు. ఆ వెంటనే మాడిన వాసన. కంప్యూటర్ డబ్బా అంచునుంచి సన్నటి పొగ.

"తీయి, తీయి" అంటూ మామ బ్యాటరీ వైరు లాగేశాడు.

నేను వంగి డ్యాష్‌బోర్డు కిందికి చూశాను. తాళం కరెంటుకు కలిపి ఉన్న వైరుకు మూడు ముళ్లున్నాయి. దాని రంగు పసుపు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నేను పుట్టి పెరిగింది సత్యవేడులో. అటు నాలుగు అడుగులు వేస్తే తమిళనాడు. తమిళంలో పచ్చ అంటే ఆకుపచ్చే, ఇంకొకటి కాదు. మా ఊరి తెలుగులోనూ అంతే. కాణిపాకం పక్కన మా మామ ఊళ్లో, అత్త ఊళ్లో పచ్చ అంటే పసుపు. ఆకుపచ్చను ఆకు అంటారు. శనివారం చాప మీద అత్త చెప్పిన పచ్చ వేరు, ఆదివారం కారులో నేను చెప్పిన పచ్చ వేరు. ఆ పసుపు వైరు ఇంజన్ వేడి కొలిచే చోటికి పోయేది. దానికి బ్యాటరీ కరెంటులో సగం కూడా తగలకూడదు. మొత్తం తగిలింది.

"మామా, ఇది పసుపు గదా, నేను చెప్పింది..." అని మొదలుపెట్టాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. డ్రైవరు వైపు తిరిగి, "నాదే తప్పప్పా. వైరు మారిపోయింది" అన్నాడు.

డ్రైవరు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఉండిపోయాడు. తర్వాత అన్నాడు. "నీ వల్ల కాదంటే ఆ పొద్దే తీస్కపోయేవాణ్ని గదా. ముసిలోడివైపోయినావు వైరింగాయనా. చెప్పుకోలేక ఈ పని ఎత్తుకున్నావు."

"వారం టైమియ్యి. బాక్సు నేను తెస్తా" అన్నాడు మామ.

డ్రైవరు బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అత్త కాఫీ గ్లాసులతో బయటికి వచ్చింది. వాసన పట్టింది. పొగచూరిన డబ్బాను, నా ముఖాన్ని చూసింది.

"నువ్వేం చెప్పినావు?"

"పచ్చ అన్నానత్తా."

"ఏ పచ్చ?"

మామ వైపు తిరిగాను. ఒక్కటే అడిగాను. నేను చెప్పింది తప్పే అనుకుందాం, కలిపేటప్పుడు వైరును ఒక్కసారి బయటికి లాగి చూసుకుంటే తెలిసేది గదా మామా, అన్నాను. ఆయన అత్త వైపు చూశాడు. అత్త గ్లాసులు కింద పెట్టింది.

"నాకు రెండూ ఒగటే రా. ఆకూ పచ్చా నాకు తేడా తెల్దు. నెత్తురూ మట్టీ తెల్దు" అన్నాడు.

ఆయన వయసు అప్పటికి యాభై మూడు. ముప్పై ఏళ్లుగా వైరింగ్ చేస్తున్నాడు. నేను ముప్పై ఏళ్లుగా ఆయన మేనల్లుణ్ని. టమాటాలు, ముళ్లు, అంకెకు రంగు లేదన్న మాట, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. వార్తలు పట్టుకునే ఉద్యోగం నాది.

మర్నాడు సెలవు పెట్టి మామతో మద్రాసు వెళ్లాను. పుదుపేటలో పాత బండ్ల సామాను అమ్మే వీధుల్లో అదే నంబరు ఉన్న డబ్బా కోసం తిరగాలి. బస్సులో ఆయన తనంతట తానే చెప్పాడు. ఇరవై ఏళ్లప్పుడు రైల్వేలో ఉద్యోగానికి అన్ని పరీక్షలూ అయ్యాయి. చివర కళ్ల పరీక్ష. డాక్టరు చుక్కలున్న పుస్తకం తెరిచి అంకె చెప్పమన్నాడు. ఈయనకు చుక్కలే కనిపించాయి. పేజీ తిప్పాడు. మళ్లీ చుక్కలే. పుస్తకం మూసి, నువ్వు పనికిరావు పో అన్నాడట. మా తాతకు చెప్పుకోలేక ఎత్తు చాల్లేదని అబద్ధం చెప్పాడు. పెళ్లయిన కొత్తలో అత్త ఆకుపచ్చ రవిక గుడ్డ తెమ్మంటే మట్టి రంగుది తెచ్చాడు. రెండోసారీ అదే తెచ్చాడు. అప్పుడు ఆమెకు తెలిసింది.

"మరి ఇన్ని పనులుండగా వైరింగ్ ఎందుకు ఎత్తుకున్నావు మామా?"

"ఆ డాక్టరు చెప్పినాడనే" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "చేతికి తెలుస్తాది గదరా. చేతికి తెలిసింది నాకు తెలిసినట్లే" అన్నాడు.

డ్రైవరుకు వెళ్లి తప్పు నాదని చెప్తానన్నాను. వద్దన్నాడు. "నువ్వు తప్పు చెప్పినావంటే, నాకు కండ్లుండాయి గదా, నేనెందుకు సూసుకోలేదని అడగతాడు. కథ ఆడికే వస్తాది. రంగులు తెలియనోడి కాడికి బండి ఎవురు తెస్తారు? ఉన్న బండ్లు కూడా వెనక్కి తీస్కపోతారు. నాకు ఇంగో పని రాదురా." ఆ మాటతో నా నోరు కట్టుబడిపోయింది.

డబ్బా దొరికింది. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే కారు, అదే కాగితాలు. ఈసారి అత్త కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. "పచ్చ అనొద్దు. పసుపు అను, ఆకు అను" అని మామ ముందే షరతు పెట్టాడు. ప్రతి వైరూ నేను రెండుసార్లు చెప్పాను, అత్త చూసింది, ఆయన మీటరుతో కొలిచాడు. తాళం కరెంటుకు వెళ్లే ఆకుపచ్చ వైరు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. దారం ముక్క నా చేతికిచ్చాడు.

"దీనికి ఇంగో ముడి నువ్వెయ్యి. ఇది ఎప్పుడు తాకినా నాకు తెలియాల."

వేశాను. మామ ముళ్లు ఆవగింజంత ఉంటాయి, బిగువుగా. నాది పెసరగింజంత వచ్చింది, వదులుగా. ఆయన తడిమి చూసి, "నీ రాత కంటే ఇదే మేలు" అన్నాడు.

డ్రైవరు వచ్చాడు. ముఖంలో నమ్మకం లేదు. మామ కిటికీ పక్కన నిలబడి చెప్పాడు.

"తాళం సగం తిప్పి ఆగు. వెనకాల ట్యాంకులో పంపు మూలగతాది. మూడు లెక్కబెట్టు. మూలుగు ఆగినంక స్టార్ట్ చెయ్."

"ఇన్నేండ్లూ లెక్కబెట్టకుండానే స్టార్ట్ చేసినాం."

"అప్పుడది నీ మాట వింటా ఉండె. ఇప్పుడు ఆలోచించుకోవాల గదా. టైమియ్యి."

డ్రైవరు తాళం సగం తిప్పాడు. మీటర్ల పక్కన చిన్న ఎర్ర దీపం వెలిగింది. పాత కారుదే ఆ దీపం. ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి, ఆరకపోతే బ్యాటరీకి ఛార్జింగ్ లేనట్టు. అది ఎరుపని మామకు తెలియదు. వెలగడం, ఆరడం తెలుసు. వెనకాల పంపు మూలిగింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. డ్రైవరు తాళం మొత్తం తిప్పాడు. ఇంజన్ ఎంత నెమ్మదిగా అందుకుందంటే డ్రైవరుకు నమ్మకం కుదరక బానెట్ దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూశాడు. మామ మాత్రం కిటికీలోంచి ఆ దీపాన్నే చూస్తున్నాడు. ఆరిపోయింది. అప్పుడు కూర్చున్నాడు.

డ్యాష్‌బోర్డు కిందికి వంగి చూసిన డ్రైవరుకు దారాలు కనిపించాయి. "యాడ చూసినా మూడు ముళ్లేసినావే వైరింగాయనా, నా బండిని పెండ్లి చేసుకున్నావా ఏంది?" అన్నాడు. అత్త నవ్వింది. మామ కూడా నవ్వాడు. ఆ ఆదివారం తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

కానీ ఒక మాట బయటికి పోతే మళ్లీ లోపలికి రాదు. వైరింగాయన కంప్యూటర్ డబ్బా కాల్చేశాడన్న సంగతి తిరుపతి స్టాండు దాకా పాకింది. కొన్ని నెలలు ఆయన దగ్గరికి కొత్త బండ్లు రాలేదు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. నేనూ చెప్పలేదు. ఆ నెలల్లో ఆదివారాలు చిత్తూరు వెళ్తే షాపులో స్టూలు మీద కూర్చుని పాత హారన్లు విప్పి తుడుస్తూ కనిపించేవాడు. "రా అల్లుడా" అని స్టూలు ఇచ్చి తను టైరు మీద కూర్చునేవాడు. మెల్లగా బండ్లు తిరిగొచ్చాయి. కంప్యూటర్ ఇంజన్లవి కూడా వచ్చాయి. ప్రతిసారీ కాగితాలు చదవడానికి నన్నే పిలిచాడు. నా బదులు ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఆ వీధిలోనే నలుగురున్నారు.

ఆఫీసులో కుర్రాళ్లు నన్ను ఆటపట్టించే విషయం ఒకటుంది. ర్యాలీకి పచ్చజెండా ఊపారు అని ఎవరు రాసినా నేను ఆకుపచ్చ అని దిద్దుతాను. అదే పేజీలో పచ్చకామెర్లు అని ఉంటే దాన్నీ కాసేపు చూస్తూ ఉంటాను. ఒకటి ఆకు, ఒకటి పసుపు. జనానికి తెలుసులే సార్ అంటారు వాళ్లు. నేను దిద్దుతూనే ఉంటాను. ఇప్పుడిక వాళ్లకు కారణం తెలుస్తుంది.

పదకొండో రోజు కార్యానికి ఆ డ్రైవరు అదే కారులో వచ్చాడు. సాయంత్రం నన్ను తిరుపతికి ఎక్కించుకున్నాడు. పూతలపట్టు దగ్గర టీకి ఆగాం. డైరీ నా ఒళ్లోనే ఉంది. ఇంక దాచేదేముంది అనిపించి, మామకు రంగులు తెలియవన్న సంగతి చెప్పాను.

"తెలుసు సార్" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"చానా ఏండ్లాయ. మా స్టాండులో అందరికీ తెలుసు. టమాటాలు నొక్కేది సూస్తా ఉండ్లేదా మేము?"

"ఎప్పుడూ అనలేదే?"

"అనేదేముండాది. బండి బాగయితా ఉండె గదా. మాకు తెలుసని ఆయనకు తెలిస్తే బాధపడతాడని ఊరకుండాం. ఆయన అంత బాగా జేసేవోడు ఇంగ యాడుండాడు, బండి తీస్కపోయేదానికి?"

బండి వెనక్కి తీసుకుపోతారన్న భయంతో ఇద్దరు మనుషులు ముప్పై ఏళ్లకు పైగా బతికారు. ఇక్కడేమో స్టాండుకు స్టాండే ఆ సంగతి దాచింది. అత్తకు ఇది చెప్పాలి. ఆయనకు చెప్పలేను.

"ఇంకొకటి. ఆ రోజు బాక్సు కాలింది ఆయన వల్ల కాదు. నేను రంగు తప్పు చెప్పినాను. ఆయన తన మీద వేసుకున్నాడు."

డ్రైవరు గ్లాసు నోటి దగ్గరి నుంచి దించాడు.

"అది తెల్దు సార్" అన్నాడు. తర్వాత, "ఆ పొద్దు నేనాయన్ని ముసిలోడివైపోయినావంటి" అన్నాడు. మిగిలిన టీ నేల మీద పారబోశాడు.

కారెక్కాం. నేను ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చాను. దుమ్ము, జిడ్డు, వైర్లు. దారాలు గట్టిపడ్డాయి గాని ముళ్లు ఉన్నాయి. కళ్లు మూసుకుని తడుముకుంటూ పోయాను. ఒకటి. నాలుగు. మూడు. అన్నీ ఆవగింజలంత. ఆ వెనకాల ఒక వైరుకు రెండు చిన్నవి, వాటి పక్కన ఒకటి లావుగా, వదులుగా.

డ్రైవరు నా చెయ్యి వైపు చూశాడు. తాళం సగం తిప్పాడు. వెనకాల పంపు మూలిగింది. ఇద్దరం పైకి అనకుండానే లెక్కపెట్టాం. మూడు దాటింది. మూలుగు ఆగింది. ఆయన ఇంజన్ స్టార్ట్ చేయలేదు. నేను చెయ్యి తీయలేదు. మీటర్ల పక్కన ఆ చిన్న దీపం వెలుగుతూనే ఉంది.